రెండు చివరలా నీళ్ళు

టీ మీద మీగడ కట్టింది. అక్కగారు దాన్ని చెంచాతో తీసి సాసరు అంచున పెట్టి, తాగకుండా వదిలేసింది. గోడ గడియారం ఒంటిగంటా నలభై చూపిస్తోంది. నాలుగింటికి ఇంకా రెండు గంటలా ఇరవై నిమిషాలు.

"మొదటినుంచి చెప్పండి డాక్టరుగారూ" అంది.

ల్యాబ్ పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పొద్దున్నించీ చెప్పిందే చెబుతున్నాడు. "ఎన్నిసార్లండీ. మంచి టెక్నీషియన్. ఈమధ్య దిగులుగా ఉండేవాడు. మంగళవారం సాయంత్రం ఆరూ నలభైకి నైట్రోజన్ గదిలోకి వెళ్ళాడు. మర్నాడు పొద్దున ఏడూ పదికి ఆయా చూసేసరికి చనిపోయి ఉన్నాడు. అంతకు మించి నాకేం తెలియదు."

పోలీసు ఉద్యోగం వదిలి నాలుగేళ్ళయినా ఆమెని డిపార్ట్‌మెంటులో ఇప్పటికీ అక్కగారనే అంటారు. ఇప్పుడు ఎవరైనా వచ్చి అడిగితేనే కేసు చూస్తుంది. రెండు నెలలుగా ఎవరడిగినా చూడలేదు. భర్త పోయాడు. పోయిన రోజు ఆమె కంట తడి రాలేదు. తర్వాతా రాలేదు. మనిషి బిగుసుకుపోయిందని ఆడపడుచు అందరి దగ్గరా అంది. ఆ మాట చెవిన పడ్డా ఏమీ అనిపించలేదు.

ఈ పొద్దున ఎనిమిదింటికి టెక్నీషియన్ భార్య తలుపు తట్టింది. ఫోన్ ముందుకు చాపింది. మంగళవారం ఆరూ పదికి భర్త పెట్టిన సందేశం: "లేటవుతుంది, మీరు తినేయండి. ఆరో గదిలో టీచరుకి శుక్రవారం నాలుగింటి మందు పడకూడదు. ఆ పని చూసుకుని వస్తా."

ఈరోజే శుక్రవారం.

అక్కగారు వెంటనే వార్డు డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన మంచివాడే. "ఎందుకు పడకూడదో ఒక్క కాగితం చూపించండి, ఆపేస్తాను. ఊరికే ఆపితే జబ్బు ఆగదు కదమ్మా. ఆ అమ్మాయిని నేనే చంపినవాణ్ణవుతాను" అన్నాడు.

ఆ కాగితం కోసమే ఇక్కడ కూర్చుంది.

"ఆరో గది టీచరు రక్తపరీక్ష ఇక్కడే జరిగిందా?"

"పోయిన నెల తొమ్మిదిన. ఆవిడా, ఇంకొకాయనా. ఇద్దరివీ ఒకే రోజు."

"ఇంకొకాయన ఎవరు?"

"రిటైరైన బస్సు డ్రైవరు. ఈ నెల రెండున పోయాడు."

"ఏం పరీక్ష?"

డాక్టరు నవ్వు మొహం పెట్టాడు. "ఎలా చెప్పాలి మీకు? వంటింటి భాషలో చెప్పమంటారా?"

"తెలుగులో చెప్పండి, చాలు."

నవ్వు పోయింది. "రక్తకణాలన్నీ ఎముక మూలుగలో ఒకే తల్లికణం నుంచి పుడతాయి. తర్వాత రెండు వంశాలుగా చీలతాయి. మైలాయిడ్ ఒకటి, లింఫాయిడ్ ఒకటి. లుకేమియాలో ఏదో ఒక కణం ఎదగడం మానేసి, తనలాంటివాటినే పుట్టించుకుంటూ పోతుంది. అది ఏ వంశానిదో తెలియాలి. ఒక వంశానికి ఇచ్చే మందు రెండోదానికి పనిచేయదు. ఒళ్ళు గుల్లవుతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది."

"మైక్రోస్కోపులో తెలియదా?"

"చాలావరకు తెలుస్తుంది. ఈ ఇద్దరివీ తేలలేదు. మరీ పసికణాలు. పురిటిబిడ్డని చూసి ఒకరు తండ్రి పోలికంటారు, ఒకరు మేనమామ పోలికంటారు. అలా అయింది మా పని."

"అప్పుడేం చేస్తారు?"

"మొహం చూడటం మానేసి లోపలికి చూస్తాం. ప్రతి కణంలోనూ జన్యువులన్నీ ఉంటాయి. కానీ అన్నీ పనిచేయవు. మైలాయిడ్ కణంలో కొన్ని పనిచేస్తుంటాయి, లింఫాయిడ్‌లో వేరేవి. పైకి కణం ఎంత అనామకంగా ఉన్నా, లోపల పనిచేసే జన్యువులు దాని వంశం పట్టిస్తాయి. మా యంత్రం రెండు వందల జన్యువుల్ని ఒకేసారి చూసి, ఏది ఎంత పనిచేస్తోందో అంకె వేస్తుంది. డ్రైవరుది లింఫాయిడ్ అని వచ్చింది. టీచరుది మైలాయిడ్."

"పొరపాటుకి చోటు లేదా?"

"ఒక్కొక్కరి నమూనా మూడేసి ట్యూబుల్లో పెడతాం. మూడింటా ఒకే జవాబు వస్తేనే ఒప్పుకుంటాం. ఇద్దరికీ మూడుకి మూడూ కలిశాయి." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "అమ్మా, పాత యంత్రం పదేళ్ళు నా చేతులతో నేనే నడిపాను. ఒక్క రిపోర్టు తప్పు పోలేదు. నాలుగు నెలల క్రితం ఈ కొత్తది వచ్చింది. దీన్ని టెక్నీషియనే చూసుకునేవాడు."

"తొమ్మిదిన కూడా?"

"లాగిన్ అతనిదే ఉంది, చూసుకోండి."

అక్కగారు రెండుంబావుకి లేచింది. ఆ ముప్పై అయిదు నిమిషాలూ డాక్టరు చేతులు బల్ల మీదే ఉన్నాయి. కుడిచేతి బొటనవేలు మాత్రం చూపుడువేలి గోరుని గీకుతూనే ఉంది.

నైట్రోజన్ గది వరండా చివర ఉంది. తలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఆమె కింద పనిచేసినవాడు, రిపోర్టులో కామాలు ఎక్కడ పెట్టాలో ఆమె దగ్గర నేర్చుకున్నవాడు. ఇప్పుడు నడుముకి బెల్టు కాస్త బిగువైంది.

"రండి అక్కగారూ. ఇంట్లో విశ్రాంతి తీసుకుంటున్నారనుకున్నాను."

"తీసుకున్నాను. అయిపోయింది. తలుపు తీయి."

"కేసు మూసేస్తున్నానండీ. డ్రైవరు పోయాక మనిషి కుంగిపోయాడు. తన పరీక్షలోనే ఏదో తప్పు జరిగిందని బెంగ. వచ్చాడు, ఆక్సిజన్ తగ్గితే మోగే గంట ఆపేశాడు, ట్యాంకు వాల్వు తిప్పాడు. నైట్రోజన్ ఊపిరాడకుండా గదంతా కమ్మేసింది. నొప్పి కూడా తెలిసి ఉండదు. స్విచ్ మీద అతని వేలిముద్రలే."

"రోజూ వేసి ఆపే స్విచ్ మీద అతని వేలిముద్రలు లేకపోతే ఆశ్చర్యపోవాలి. తీయి నాయనా."

తీశాడు. ఇరుకు గది. నడుమెత్తు స్టీలు ట్యాంకు, పక్కన నమూనాలు దాచే ఫ్రీజర్ అలమర, మూలన చిన్న స్టూలు. కిటికీ లేదు. ట్యాంకు మెడ దగ్గర వాల్వు మీద ఇంకా తెల్లటి మంచుపొర. అక్కగారు దాని దగ్గరికి వేలు చాపి, తాకకుండానే వెనక్కి తీసుకుంది. చలికి వేళ్ళ కొసలు మొద్దుబారాయి. ఒంట్లో మిగతా భాగానికీ వాటికీ తేడా ఏమీ తెలియలేదు.

"వాల్వు ఎంతసేపు తెరిచి ఉంది?"

"పొద్దున దాకా. ట్యాంకు సగానికి పైగా ఖాళీ."

"ఒట్టి చేత్తో తిప్పితే ఏమవుతుంది?"

"చర్మం అతుక్కుపోతుందట. అందుకే తొడుగులు వేసుకోవాలన్నారు."

"శవం చేతులు ఎలా ఉన్నాయి?"

ఇన్‌స్పెక్టర్ చంకలోని ఫైలు ఇచ్చాడు. ఆమె పోస్టుమార్టం కాగితం తీసి ఆ వాక్యం కింద గోరుతో గీసి చూపించింది. రెండు అరచేతులూ, వేళ్ళూ, గాయాలు లేవు.

"తొడుగులు వేసుకునే తిప్పుంటాడు" అన్నాడు.

"ఏవీ అవి?"

"అవిగో." తలుపు బయట గోడకి కొక్కెం ఉంది. మోచేతుల దాకా వచ్చే నీలం తొడుగులు రెండు దానికి వేలాడుతున్నాయి.

అతను తొడుగుల్ని చూశాడు. తలుపుని చూశాడు. మళ్ళీ తొడుగుల్ని చూశాడు. మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

"ఆయా తగిలించిందేమో."

"ఆయా తలుపు తెరిచి, మనిషిని చూసి, కేక పెట్టి పరిగెత్తింది. లోపల అడుగు పెట్టలేదు. స్టేట్‌మెంటు నీ చేతిరాతే. కామాలు కూడా సరిగ్గానే పెట్టావు." ఆమె గొంతులో ఎగతాళి కూడా లేదు. "లోపల చచ్చిపోయినవాడు బయటికొచ్చి తొడుగులు తగిలించుకోడు. మంగళవారం ఇంకో మనిషి ఉన్నాడిక్కడ."

"కోర్టులో ఇది నిలబడదు."

"నాకు కోర్టు అక్కర్లేదు. నాలుగింటిలోపు ఒక కాగితం చాలు. ఇతను లోపలికి ఎందుకొచ్చాడు?"

అలమరలో నమూనాల పెట్టెలు వరసగా ఉన్నాయి. పోయిన నెల పెట్టె మూత మీద జాబితా అంటించి ఉంది. నలభయ్యో గడి డ్రైవరుది, నలభై ఒకటి టీచరుది. పెట్టె తెరిస్తే మిగతావన్నీ ఉన్నాయి. ఆ రెండు గడులూ ఖాళీ.

"మిగిలిన నమూనాలతో మళ్ళీ పరీక్ష చేద్దామని వచ్చాడు" అంది. "అవి ఇంకెవరో పట్టుకుపోయారు."

ఇన్‌స్పెక్టర్ పెట్టె వైపు వంగి చూసి, ఆ రెండు నంబర్లూ రాసుకున్నాడు.

రెండూ నలభైకి వరండాలో నిలబడి టెక్నీషియన్ భార్యకి ఫోన్ చేసింది.

"అమ్మాయ్, పోయిన నెల తొమ్మిదిన మీ ఆయన డ్యూటీలో ఉన్నాడా?"

"లేరండీ. సెలవు పెట్టారు. మా మామగారికి కంటి ఆపరేషను. పొద్దున్నే తీసుకెళ్ళి చీకటి పడ్డాక తెచ్చారు. నేనే క్యారేజీ కట్టిచ్చాను. ఆయన వల్లే ఎవరో పోయారంటున్నారు. మా అత్తగారు కూడా వింటోంది ఆ మాట. ఆయన తప్పు చేశారాండీ?"

"ఆరోజు లేని మనిషి ఏం తప్పు చేస్తాడు? సాయంత్రం మాట్లాడతాను."

అవతల ఆ అమ్మాయి ఏడుస్తోంది. అక్కగారు ఆ ఏడుపు విని, ఫోన్ పెట్టేసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని ల్యాబ్‌లోకి నడిచింది.

కొత్త యంత్రం కిటికీ పక్కన ఉంది. రొట్టెల పెట్టెంత తెల్లటి డబ్బా. మూత మీద మూడు కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. రెండు నాలుగు నెలల నాటివి, అంచులు రేగి ఉన్నాయి. మూడోది కొత్తది. టెక్నీషియన్ చేతిరాతలో, కోసిన మూల ఎడమకి, అని ఉంది. ఆమె తన విజిటరు చీటీని దాని మీద అంటించి, డాక్టరుని పిలిపించింది. ఇన్‌స్పెక్టర్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"పొద్దున్నించీ వింటున్నా నా బుర్రకెక్కట్లేదు డాక్టరుగారూ. ఈ ట్యూబులు ఎలా పెడతారో ఒక్కసారి చూపించండి."

ఆయన విసుగ్గా సొరుగులోంచి ఒక ప్లాస్టిక్ పట్టీ తీశాడు. ఎనిమిది చిన్న ట్యూబులు ఒకదానికొకటి అతికి ఉన్నాయి. పట్టీకి ఒక మూల ఏటవాలుగా కోసి ఉంది.

"మొదటిదాంట్లోనూ, చివరిదాంట్లోనూ ఒట్టి నీళ్ళు. ఎక్కడైనా చిందితే నీళ్ళలో ఏదో కనిపిస్తుంది, వెంటనే తెలిసిపోతుంది. అన్ని చోట్లా ఒక పక్కే పెడతారు. రెండు పక్కలా పెట్టడం నేను పెట్టిన నియమం." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నడుము కాస్త నిటారైంది. "మధ్యలో ఆరు. మొదటి పేషెంటువి మూడు, రెండో పేషెంటువి మూడు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఏముంది, పెట్టి మూత వేయడమే." మాట్లాడుతూనే మూత ఎత్తాడు. యంత్రంలో గాడి ఉంది. పట్టీ ఏ పక్కనుంచైనా అందులో ఇమిడిపోతుంది. ఆయన వేళ్ళు పదేళ్ళ అలవాటుతో పట్టీని తిప్పి, కోసిన మూల కుడి చేతివైపుకి వచ్చేలా గాడిలో నొక్కాయి. టక్కుమంది.

అక్కగారు తన చీటీని మెల్లగా ఊడదీసింది.

డాక్టరు ఆ కాగితం చదివాడు. తర్వాత తన చేతిని చూసుకున్నాడు, అది వేరెవరిదో అన్నట్టు.

"పాతదానికి కుడివైపు" అన్నాడు చివరికి.

"ఇది ఎడమ. తొమ్మిదిన టెక్నీషియన్ లేడు. డ్రైవరు పరిస్థితి బాగాలేక, సాయంత్రానికల్లా జవాబు కావాలని అడిగి ఉంటారు. మీరే పెట్టారు, అతని లాగిన్‌తో. పట్టీ తిరగబడింది. డ్రైవరు మూడు ట్యూబులూ టీచరు పేరున చదివింది. టీచరువి డ్రైవరు పేరున. మూడుకి మూడూ కలిశాయి, కలవక ఏం చేస్తాయి? ఒక పక్కే నీళ్ళుంటే, తిరగబడగానే నీళ్ళుండాల్సిన చోట రక్తం, రక్తం ఉండాల్సిన చోట నీళ్ళు కనిపించేవి. మీరు రెండు పక్కలా పెట్టారు."

"ఇది ఊహ" అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుమ్మం దగ్గర్నించి. కానీ ఆ మాటలో మునుపటి దమ్ము లేదు. "కాగితం కావాలని మీరే అన్నారు."

"రెండు వందల జన్యువుల్లో ఆడవాళ్ళ కణాల్లో మాత్రమే పనిచేసేది ఏదైనా ఉంటుందా డాక్టరుగారూ?"

ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. తలాడించాడు. "ఒకటుంది. రిపోర్టులో రాయం. వంశానికి దాంతో పనిలేదు."

"తొమ్మిదో తారీఖు అంకెలు తీయండి."

ప్రింటరు కాగితాన్ని నిదానంగా బయటికి తోసింది. మూడూ ఇరవై రెండు. అరవై ఒక్క ఏళ్ళ బస్సు డ్రైవరు పేరు కింద, ఆడ కణాల్లోనే పనిచేసే జన్యువు మూడు ట్యూబుల్లోనూ నిండు అంకెలతో ఉంది. ఇరవై నాలుగేళ్ళ కుట్టు టీచరు పేరు కింద మూడూ సున్నాలు.

ఇన్‌స్పెక్టర్ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. "అంటే డ్రైవరుకి..."

"టీచరు మందు పడింది. టీచరుకి డ్రైవరుది పడుతోంది, నెల రోజులుగా."

"అతను సోమవారం నాకు చూపించాడు" అన్నాడు డాక్టరు. నేలతో మాట్లాడుతున్నట్టు ఉంది. "ఇదే కాగితం. నేను రెండు రోజులు టైమడిగాను. రెండే రోజులు. సర్ది చెబుదామని. శుక్రవారం మందు పడేలోపే తేల్చాలి, ఆగలేనన్నాడు. కానీ ఆ గదికి నేను వెళ్ళలేదమ్మా. మంగళవారం అయిదింటికే ఇంటికెళ్ళిపోయాను. నమ్మండి, నమ్మకపోండి."

నమ్మిందో లేదో ఆమె మొహంలో ఏమీ కనబడలేదు. కాగితం ఫోటో తీసి వార్డు డాక్టరుకి పంపింది. మూడూ ముప్పై ఒకటికి ఆయనే ఫోన్ చేశాడు.

"చూశాను. ఆపండి. నేను దారిలో ఉన్నాను, వార్డు లైను కలవట్లేదు. మీరే వెళ్ళి నా మాటగా చెప్పండి."

లిఫ్టు రాలేదు. నాలుగు అంతస్తులు మెట్లెక్కారు. ఇన్‌స్పెక్టర్ రొప్పుతున్నాడు. "అక్కగారూ, ఇంకా అరగంట ఉంది, మెల్లగా" అన్నాడు. ఆమె మెల్లగా ఎక్కలేదు.

ఆరో గదిలో టీచరు దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. జుట్టు లేని తలకి చుట్టుకున్న గుడ్డ అంచుని తనే కుట్టుకున్నట్టుంది, కుట్లు సన్నగా, వరసగా ఉన్నాయి. మంచం పక్కన స్టాండుకి ఎర్రటి మందు సంచి వేలాడుతోంది. అది సగం ఖాళీ అయింది.

అక్కగారు మూడడుగుల్లో మంచం దగ్గరికి చేరి, గొట్టం మీది చక్రాన్ని బొటనవేలితో కిందికి తోసింది. భర్త మంచం పక్కన నూరుసార్లు చేసిన పనే. చుక్క ఆగింది.

"ఏంటండీ అది, ఎవరు మీరు?" సిస్టర్ గుమ్మంలోంచి ఒంటికాలి మీద వచ్చింది. ఇన్‌స్పెక్టర్ కార్డు చూపించాడు. వార్డు డాక్టరు మాట చెప్పాడు. ఆమె తగ్గి, సూది విడదీసి, గొట్టం చుట్టిపెట్టింది.

"నాలుగింటికి కదా ఈ మందు?" అంది అక్కగారు.

"రక్తం లెక్క నాలుగింటికి వస్తుందని అలా రాస్తామండీ. ఈరోజు ముందే వచ్చింది. ల్యాబ్ నుంచి ఫోన్ చేసి, అంకెలు బాగున్నాయి, మొదలుపెట్టెయ్యమన్నారు. రెండింటికి పెట్టాను."

"ఫోన్ ఎన్నింటికి?"

"ఒంటిగంటా యాభై అయిదు. రాసిపెట్టాను."

ఒంటిగంటా యాభై అయిదుకి ల్యాబ్ పెద్ద డాక్టరు ఆమె ఎదురుగా కూర్చుని గోరు గీక్కుంటున్నాడు. తను గడియారం చూసుకుంటూ నాలుగింటి కోసం పరిగెత్తుతుంటే మందు ఇక్కడ చుక్క చుక్కగా ఒంట్లోకి దిగుతూనే ఉంది. ఈ ఆలోచనకి లోపల ఏదో కదలాలి. కదలదేమో అనుకుంది.

"ఎవరు చేశారు?"

సిస్టర్ రిజిస్టరు తెచ్చి, తెరిచి, వేలు పెట్టింది. ఇన్‌స్పెక్టర్ వంగి చదివాడు. చదివి, టోపీ తీశాడు. అది టెక్నీషియన్ పేరు. మూడు రోజుల క్రితం పోయిన మనిషి పేరు.

"ఫోన్‌లో మనిషే చెప్పాడా ఈ పేరు?" అంది అక్కగారు.

"అవునండీ. నేను వారం సెలవు తర్వాత ఈ పొద్దున్నే చేరాను. ఏం, ఏమైందాయనకి?"

అంతలో వార్డు డాక్టరు వచ్చాడు, సంచి చూశాడు, టీచరు నాడి చూశాడు. వరండాలోకి వచ్చి, "సగం పోయింది, సగం ఆగింది. సరైన మందు ఈ సాయంత్రమే మొదలుపెడతాను. ఈ సగం తట్టుకుంటే ఆ మందు మీద ఆశ ఉంది" అన్నాడు. గదిలో టీచరు ఎవరినో అడుగుతోంది, ఇవాళ్టికి అయిపోయినట్టేనా, పడుకోవచ్చా అని.

"ఇంకేమైనా అన్నాడా ఆ ఫోన్‌లో?" అని అక్కగారు సిస్టర్‌ని అడిగింది.

"నాలుగింటికి మళ్ళీ చేస్తానన్నారు. మందు పూర్తయిందో లేదో కనుక్కోడానికి."

మూడూ యాభై తొమ్మిది. నలుగురూ డెస్కు మీది ఫోన్ వైపు చూస్తూ నిలబడ్డారు. మోగింది.

"తీయి" అంది అక్కగారు. "మొత్తం అయిపోయిందని చెప్పు."

సిస్టర్ తీసింది. "అయిపోయిందండీ... మొత్తం... ఆ, పడుకుంది." కాసేపు విన్నది. అక్కగారి వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది. "ఆ, అవునండీ" అని పెట్టేసింది.

"ఏమన్నాడు?"

"థాంక్స్ చెప్పారు." సిస్టర్ రిజిస్టరు దగ్గరికి లాక్కుంది. "మెట్లెక్కి వచ్చిన పెద్దావిడ ఇంకా అక్కడే ఉందా అని అడిగారు."

"నువ్వేం చెప్పావు?"

"ఉన్నారని చెప్పానండీ."